ఊడొచ్చే బ్యాక్‌రెస్టు

మోటారు సైకిల్‌కు ఊడదీసి మళ్లీ పెట్టుకునే బ్యాక్‌రెస్టు ఎవరడిగినా నేను చెయ్యను. లద్దాఖ్ పోతున్నామని చెప్పే కుర్రాళ్లు ఫోన్‌లో బొమ్మలు చూపిస్తారు. ఇక్కడ తిప్పితే ఊడొస్తుంది అంకుల్, పక్క పెట్టెలూ అంతే, లాడ్జి దగ్గర చేత్తో పట్టుకుని లోపలికి పోవచ్చు అని నాకే పాఠం చెబుతారు. పెట్టెలు చేస్తాను. అవి ఎలా కావాలంటే అలా ఊడతాయి. బ్యాక్‌రెస్టుకు మాత్రం వెల్డింగే. ఎందుకని గుచ్చి అడిగితే, ఊడేది గతుకుల్లో చప్పుడు చేస్తుందని చెబుతాను. అది అబద్ధం. నేను చేసింది పది జిల్లాలు తిరిగొచ్చినా టిక్కుమనలేదు. సిద్దిపేటలో అలాంటిది చేసిన మొదటి మనిషిని నేనే. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది.

నా పేరు అఫ్సర్. పాత బస్టాండు వెనక సందులో షాపు. ఇనుప పని నాది, రెగ్జిన్ కుట్టే పని నా భార్య జోహ్రాది. షాపు మీద బోర్డు రాసింది పెయింటర్ యాదగిరి. తెలుగులోనూ రాశాడు, ఉర్దూలోనూ రాశాడు. వాడికి ఉర్దూ ఒక్క అక్షరం రాదు. జోహ్రా కాగితం మీద రాసిస్తే దాన్ని చూసి, కుడి నుంచి ఎడమకు, ఒక్క చుక్క తప్పకుండా దించాడు. "వదినా, గీ చుక్క కిందికా మీదికా సక్కగ చెప్పు, మల్ల మౌల్వీసాబు నన్ను తిడ్తడు" అంటూ నిచ్చెన మీద నుంచే మమ్మల్ని నవ్వించాడు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఊళ్లో ఏ గోడ చూసినా వాడి చేతిరాతే. సకల జనుల సమ్మె జరుగుతున్నప్పుడు రాజీవ్ రహదారి మీద రాస్తారోకో చేశారు. లాఠీలు లేచాయి. జనం పరుగెత్తారు. ఆ తోపులాటలో యాదగిరి కల్వర్టు మీద నుంచి కింద రాళ్ల మీద పడ్డాడు. వెన్నెముక దెబ్బతింది. మూడు నెలలు దవాఖానలో ఉంచి ఇక ఇంతే అని పంపేశారు. నడుము కింద ఏమీ ఆడదు, పైన వీపు నిలవదు. ఆనుకోవడానికి ఏదైనా ఉంటే కూర్చుంటాడు, లేకపోతే పక్కకు ఒరిగిపోతాడు. చేతులు మాత్రం చెక్కుచెదరలేదు. మంచం మీద నుంచి గోడలు రాయలేడు కాబట్టి ఆ చేతులు ఉండీ లేనట్టే అయ్యాయి.

మొదట్లో పరామర్శకు అందరూ వచ్చారు. ఆరు నెలలయ్యేసరికి వాడి భార్య సుమిత్రమ్మ తప్ప వాడి మొహం చూసేవాళ్లు లేరు. నేను శుక్రవారం శుక్రవారం పోయేవాణ్ణి, అదీ కాసేపే.

మరుసటి ఏడాది దసరా వెళ్లాక దామోదర్ నా షాపు ముందు కొత్త బుల్లెట్ ఆపాడు. భూములున్న ఇంటి మనిషి. కాంట్రాక్టులు చేసేవాడు, ఊళ్లో ఉద్యమానికి ముందు వరసలో నిలబడేవాడు.

"అఫ్సర్ భాయ్, పది జిల్లాలు బండి మీద యాత్ర జేస్తున్న. యాదగిరి నా ఎన్క కూసుంటడు. ఆయనను జూస్తె మనం ఏం పోగొట్టుకున్నమో జనానికి తెలుస్తది. పడకుంట ఆనుకునేటట్టు ఒకటి చెయ్. పక్కలకు రెండు పెట్టెలు గూడ చెయ్" అన్నాడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "పటేలా, నువ్వు మనిషివి" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

"మనిషి బరువంత దాని మీదనే ఉంటది. చాసిస్‌కు వెల్డింగ్ కొట్టేస్త. పదేండ్లయినా కదలది" అన్నాను.

"వద్దు భాయ్. ఊడొచ్చేటట్టే చెయ్. బండి నాది, రేపు ఏం అవసరముంటదో."

నిజమే కదా అనుకున్నాను. ఇంట్లో ఆడవాళ్లు ఎక్కుతారు, కడుగుతారు, పండక్కి పూజ చేసుకుంటారు. పైగా అలాంటిది అప్పటిదాకా ఊళ్లో ఎవరూ చెయ్యలేదు. నా చెయ్యి దురద పెట్టింది.

యాదగిరిని ఆటోలో షాపుకు తెచ్చి, బుల్లెట్ సీటు మీద కూర్చోబెట్టాం. సుమిత్రమ్మ భుజాలు పట్టుకుంది. నేను వీపు వెనక అట్ట పెట్టి వాడి ఒంపు గీసుకున్నాను. ఎడమ వైపు కొంచెం ఎత్తు, కుడి వైపు పల్లం. ఆ కొలత ఇంకో మనిషికి పనికిరాదు. అంగుళం పైపులో ఇసుక దట్టించి, రెండు చివర్లా చెక్క బిరడాలు కొట్టి, కాల్చి వంచాను. ఇసుక లేకపోతే వంపు దగ్గర పైపు నొక్కుకుపోతుంది. వెనక మడ్‌గార్డుకు అటు రెండు, ఇటు రెండు ఇనుప బొడిపెలు బిగించి, వాటికి రబ్బరు తొడుగులు వేశాను. బ్యాక్‌రెస్టు కాళ్లకు ముందు వైపు కొక్కేలు, వెనక వైపు పాత జీపు తలుపుల నుంచి తీసిన స్ప్రింగు గడియలు. కొక్కేలు ముందు బొడిపెలకు తగిలించి వెనక్కి నొక్కితే టప్పున కూర్చుంటుంది. గడియలు తిప్పితే లేచి వస్తుంది. పానా అక్కర్లేదు. పెట్టెలకూ అదే పద్ధతి. అవి అడ్డం వస్తున్నాయని వెనక ఇండికేటర్లను నంబరు ప్లేటు పక్కకు మార్చాను.

జోహ్రా అట్ట ప్రకారం స్పాంజి కోసి నల్ల రెగ్జిన్ తొడిగింది. నడుముకు ఒక బెల్టు, ఛాతీకి ఒక బెల్టు. ఎడమ పెట్టె యాదగిరిది. మూత్రం గొట్టాలు, సంచులు, మందులు, రెండు లుంగీలు పెట్టుకోవడానికి. లోపల అంచులు గీరకుండా దానికి మెత్త కూడా అంటించింది. ఆ వారం షాపుకు వచ్చిన ప్రతివాడి ముందూ నేను బ్యాక్‌రెస్టును తీసి పెట్టి, తీసి పెట్టి చూపించాను. "ఇగ చాలు తియ్యి. నీ షోకు తీరేసరికి అది అరిగిపోతది" అంది జోహ్రా.

యాత్ర కొమురవెల్లిలో మల్లన్న మొక్కుతో మొదలైంది. బండికీ, యాదగిరికీ, బ్యాక్‌రెస్టుకూ పసుపు బండారి పూశారు. అక్కడి నుంచి సిద్దిపేట వచ్చి ముస్తాబాద్ చౌరస్తాలో సభ పెట్టారు. దామోదర్ బండి దిగకుండానే మైకు అందుకున్నాడు.

"తెలంగాణ వచ్చిన నాడు గీ చౌరస్తాల జెండ ఎగిరేసేది ఎవలనుకుంటున్నరు? నేను గాదు. మన యాదగిరి! గీ బండి మీదనే కూసోని, గా చేతులతోనే తాడు గుంజుతడు. గిది దామోదర్ మాట!"

జనం ఊగిపోయారు. బెల్టుల మధ్య నిటారుగా కూర్చున్న యాదగిరి గుంపులో నన్ను వెతికి చూశాడు. ఏడాది తర్వాత వాడి మొహంలో మనిషి కనిపించాడు. ఆ క్షణం నా పనితనం నాకే ముద్దొచ్చింది.

ఇరవై ఆరు రోజుల తర్వాత గజ్వేల్ మీదుగా తిరిగొచ్చారు. షాపు దగ్గర బెల్టులు విప్పింది నేనే. వాడి వీపు మీద అరచేతి వెడల్పు పుండు. ఎడమ పెట్టె తెరిస్తే గొట్టాలూ లేవు, మందులూ లేవు. కరపత్రాలు, దామోదర్‌కు కప్పిన శాలువాలు ఉన్నాయి. యాదగిరి సామాను ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి ఎండలో ముందు గార్డుకు వేలాడదీశారు.

"ఏంది పటేలా ఇది? ఆ పెట్టె నేను ఎవని కోసం జేసిన?"

"ప్రజలల్లకు పోయినప్పుడు ఇసొంటివి ఉంటయ్ భాయ్. పెద్ద పని ముందుంది" అన్నాడు దామోదర్, హెల్మెట్ తుడుచుకుంటూ.

నేను ఇంకో మాట అనబోతే యాదగిరి నా చొక్కా పట్టుకుని లాగాడు. "లొల్లి జెయ్యకు భాయ్. రేపు జెండ కాడికి నన్ను తీస్కపోయేది ఆయనే గద" అన్నాడు మెల్లగా.

పుండు తగిలే చోట స్పాంజికి రంధ్రం చేసి ఇచ్చాను. నా పౌరుషం అక్కడి వరకే పోయింది.

ఆ తర్వాత ఏ ర్యాలీకైనా దామోదర్ వెనక యాదగిరి ఉండాల్సిందే. పేపర్లలో ఫోటోలు వచ్చాయి. ర్యాలీ లేని రోజుల్లో వాడు ఇంట్లో సాధన చేసేవాడు. సుమిత్రమ్మ కిటికీ పై ఊచ మీదుగా తాడు వేసి, ఒక చివర ఇసుక సంచి కట్టింది. మంచం మీద నుంచి పొద్దున యాభై సార్లు, సాయంత్రం యాభై సార్లు గుంజేవాడు.

"జెండను పూలు బోసి మడిచి కడ్తరు గద భాయ్. ఒక్క గుంజుకు ముడి ఇడిపోవాలె. రెండోసారి గుంజితె ఇజ్జత్ పోతది" అనేవాడు. చెయ్యి ఎంత దూరం పోవాలో, ఎక్కడ ఆపాలో నాకు చూపించేవాడు. వాడికి ఇక వేరే ముచ్చటే లేదు. ఫిబ్రవరిలో ఢిల్లీలో బిల్లు పాసైన రోజు సుమిత్రమ్మ తెల్ల చొక్కా కుట్టించింది. చంక దగ్గర బిగుతుగా ఉందని, గుంజేటప్పుడు అడ్డం వస్తుందని వాడు దాన్ని రెండుసార్లు విప్పించాడు.

జూన్ ఒకటో తారీకు మధ్యాహ్నం దామోదర్ బండి వేసుకుని షాపుకు వచ్చాడు. వెనక కార్లో నలుగురైదుగురు ఇస్త్రీ చొక్కాలవాళ్లు.

"భాయ్, రేపటికి బండి అద్దం లెక్క మెరవాలె. పెట్టెలు తీసెయ్, ఎన్కది గూడ తీసెయ్. హైదరాబాద్ నుంచి పార్టీ పెద్దాయన వస్తుండు. నా ఎన్క కూసోని చౌరస్తా దాకా వస్తడు."

"మరి యాద్గిరి?" అన్నాను.

"కారు పంపిస్త. ఎండల బండి మీద ఆయనకెందుకు గోస? స్టేజి మీద కుర్చి ఏపిస్త. జెండ ఆయనతోనే."

నేను ఇంకా ఏదో అడగాలనుకున్నాను. అంతలో ఇస్త్రీ చొక్కాల్లో ఒకడు బండి చుట్టూ తిరిగి చూసి, "గిదంత ఊడగొట్టాల్నంటె పొద్దుమూకుతది, వేరే బండి చూసుకుందాం అన్నా" అన్నాడు.

అదిగో, అక్కడ తగిలింది నాకు. రెండేళ్లుగా ఊరంతా మెచ్చుకున్న పనిని వాడు పాత సామాను కొట్టు సరుకు చూసినట్టు చూశాడు.

"గడియారం చూస్తుండు" అన్నాను.

ఎడమ పెట్టె గడియ తిప్పాను, చేతికొచ్చింది. కుడిది తీశాను. బ్యాక్‌రెస్టు గడియలు రెండూ ఒకేసారి తిప్పి ముందుకు వంచాను. రబ్బరు తొడుగుల్లో నుంచి పాత బండారి పసుపు పచ్చగా నేల మీద రాలింది. బొడిపెలు తప్ప బండికి ఏ గుర్తూ మిగల్లేదు. రెండు నిమిషాలు. అందరూ చప్పట్లు కొట్టారు. "నీ చేతిల బర్కత్ ఉంది భాయ్" అని దామోదర్ నా భుజం తట్టాడు. నేను పళ్లన్నీ బయటపెట్టి నవ్వాను.

బండి నా దగ్గర వదిలి వాళ్లు కార్లో పోయాక జోహ్రా కుట్టు మిషను దగ్గర నుంచే అడిగింది. "యాద్గిరి కూసునే కుర్చీకి బెల్టు ఉంటదా? అడిగినవా?"

అడగలేదు. "కారు పంపిస్తనన్నడు గదా, అన్ని చూసుకుంటరు" అన్నాను. యాదగిరికి ఒక్క ఫోన్ చేసి ఉండొచ్చు. రాత్రి దామోదర్ మనిషి వచ్చి బండి తీసుకుపోయేదాకా నేను దానికి పాలిష్ కొడుతూ కూర్చున్నాను.

మర్నాడు ఎనిమిదింటికి సుమిత్రమ్మ ఫోన్ చేసింది. "అన్నా, కారు ఇంక రాలే. దామోదర్ సారు ఫోను ఎత్తుతలేడు. ఈయన ఐదింటి సంది తయారై కూసున్నడు."

జెండా తొమ్మిదిన్నరకు. బ్యాక్‌రెస్టును నా బండికి పెడదామని బయటికి తెచ్చాను. కొక్కేలు గాల్లో వేలాడాయి. నా బండి వెడల్పు రెండు అంగుళాలు తక్కువ, బొడిపెలు లేనే లేవు. తాడుతో కడితే పక్కకు వాలిపోయింది. దాన్ని ఆ బుల్లెట్‌కు తప్ప లోకంలో ఇంకే బండికీ పట్టకుండా చేసిన మొనగాణ్ణి నేనే మరి. దాన్ని అక్కడే విసిరికొట్టి ఆటో కోసం పరుగెత్తాను. ఆటోలన్నీ ర్యాలీలోనే ఉన్నాయి. ఒకడి కాళ్లావేళ్లా పడి తీసుకుపోయేసరికి తొమ్మిది దాటింది.

యాదగిరి తెల్ల చొక్కాలో గోడకు ఆనుకుని ఉన్నాడు. నన్ను చూసి, "బండి ఏది?" అన్నాడు. "ఆటోల పోదాం పా" అన్నాను. ఇద్దరం మోసుకొచ్చి మధ్యలో కూర్చోబెట్టుకున్నాం. వాడి వీపు వెనక నా చెయ్యి పెట్టాను. దారంతా వాడు వేళ్లు ముడుస్తూ, తెరుస్తూ ఉన్నాడు.

చౌరస్తాకు నలభై అడుగుల దూరంలో ఆటో ఆగిపోయింది. ఎటు చూసినా జనం. బతుకమ్మ పాటలు, డప్పులు, రంగులు. "జరుగుండ్రి, యాద్గిరి వచ్చిండు, జెండ కాడికి పోవాలె" అని గొంతు చించుకున్నాను. ముందున్నవాడు వెనక్కి తిరిగి ఆటోలోకి తొంగి చూసి, "ఏ యాద్గిరి?" అన్నాడు. బండి మీద నిటారుగా కూర్చున్న యాదగిరినే ఊరు చూసింది. నా చేతి మీద వాలిపోయిన మనిషిని ఎవరూ ఆనవాలు పట్టలేదు.

అప్పుడు బుల్లెట్ వచ్చింది. నేను కొట్టిన పాలిష్ ఎండలో మెరుస్తోంది. దామోదర్ వెనక పెద్దాయన తెల్లటి బట్టల్లో కూర్చుని చెయ్యి ఊపుతున్నాడు. ఆటో పక్క నుంచే పోయారు. దామోదర్ మమ్మల్ని చూశాడు. నా కళ్లలోకి చూసి మరీ చెయ్యెత్తాడు. అది మాకో, జనానికో తెలియకుండా ఎత్తడం వాడికి తెలుసు. స్టేజి మీద కుర్చీలు వరసగా ఉన్నాయి, అన్నీ నిండి ఉన్నాయి.

ఊడొచ్చేటట్టే చెయ్ అని మొదటి రోజే చెప్పాడు. దాచింది ఏమీ లేదు. ఊడొచ్చేటట్టు చేసింది నేను.

పెద్దాయన తాడు గుంజాడు. ముడి విడలేదు. ఇంకోసారి గుంజాడు. ఎవరో వచ్చి కర్ర ఊపారు. మూడోసారికి జెండా విచ్చుకుని పూలు రాలాయి. చౌరస్తా దద్దరిల్లింది. నా గొంతులో నుంచీ జై తెలంగాణ అని వచ్చింది. అరవై ఏళ్ల గోస తీరిన రోజు అది, రాకుండా ఎలా ఉంటుంది? సుమిత్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

యాదగిరి చెయ్యి ఆటో ఊచను పట్టుకుని ఉంది.

"ఒక్కటే గుంజు గుంజాలె. గట్ల గాదు" అన్నాడు.

మూడో రోజు దామోదర్ మనిషి షాపుకు వచ్చి, "బ్యాక్‌రెస్టు నీ కాడనే ఉండనీయమన్నడు అన్న, అవసరమున్ననాడు చెప్తడంట" అన్నాడు. వాడిని ఏమని తిట్టానో ఇక్కడ రాయలేను. జోహ్రా లోపల నుంచి ఆపలేదు.

అదే సాయంత్రం సుత్తితో ఆ స్ప్రింగు గడియలు రెండూ పగలగొట్టాను. కొక్కేలు కోసేశాను. బ్యాక్‌రెస్టునూ వెల్డింగ్ సెట్టునూ ఆటోలో వేసుకుని యాదగిరి ఇంటికి పోయి, వాడి ఇనుప మంచం తల వైపు దాన్ని నిలబెట్టి, దాని నాలుగు కాళ్ల చుట్టూ నిండుగా వెల్డింగ్ కొట్టాను. అంత అవసరం లేదు. అయినా చల్లారాక మళ్లీ ఇంకో వరస కొట్టాను.

"గింత గట్టిగ ఎందుకన్నా? ఇల్లు మారితే ఎట్ల?" అంది సుమిత్రమ్మ.

"మంచంతోనే పోతది" అన్నాను.

యాదగిరిని ఎత్తి కూర్చోబెట్టాం. వీపు ఒంపులో సరిగ్గా ఇమిడింది. కిటికీ ఊచ మీద తాడు ఇంకా వేలాడుతోంది, ఇసుక సంచి విప్పేసి ఉంది. వాడు వెనక్కి ఆనుకుని అడిగాడు.

"భాయ్, బండి మీదికెల్లి గిది ఎవలు ఊడదీసిన్రు?"

అబద్ధం ఆడాలని నోటిదాకా వచ్చింది. "నేనే" అన్నాను.

"ఎంత సేపు పట్టింది?"

"రెండు నిమిషాలు."

వాడు చెయ్యి వెనక్కి పెట్టి, జోహ్రా కుట్టును వేలితో తడుముతూ పోయాడు.

"మంచిగ జేసినవ్ భాయ్. పనంటె గట్లనే ఉండాలె" అన్నాడు.

అందులో వెటకారం ఉందేమోనని చాలాసేపు వాడి మొహంలోకి చూశాను. లేదు.